నీలి కప్పల ఎండాకాలం

ఆ ఏడు హోలీ తెల్లారి మా ఆయన నన్ను వంటింట్లోంచి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

"సప్పుడు జెయ్యకు సరితా, రా."

మేం పడుకునే గది అప్పటికే మాది కాదు. దాన్ని ఆయన కప్పలకిచ్చేశాడు. గోడ వారగా బల్ల మీద రెండు గాజు పెట్టెలు, వాటి లోపల నాచు, చిన్నాకుల మొక్కలు, బోర్లించిన కొబ్బరి చిప్పలు. ఏసీ సన్నగా మోగుతోంది. ఆయన ఒక చిప్పను మెల్లగా ఎత్తి టార్చి వేశాడు. దాని కింద ప్లాస్టిక్ మూత మీద, జిగురు ముద్దలో ఆరు నల్ల చుక్కలు.

"ఎప్పటి లెక్క తెల్లగ బూజు పట్టలేదు. మంచిగ సూడు, లోపట మెదులుతున్నయ్," అన్నాడు. నలభైకి దగ్గర పడిన మనిషి, ఆరు గుడ్లు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మా ఆయన పేరు వేణు. పదకొండేళ్లు ఖతార్‌లో ఒక షేక్ ఇంట్లో పనిచేశాడు. ఆ ఇంట్లో ఒక అద్దాల గది ఉండేదట. అందులో దేశదేశాల పాములు, బల్లులు, కప్పలు. వాటికి నీళ్లు కొట్టడం, మేత వేయడం ఈయన పని. అక్కడే ఈ కప్పల మీద మనసు పడ్డాడు. బొటనవేలంత ఉంటాయి. ఒళ్లంతా నీలం, వీపు మీద నల్ల మచ్చలు. సిరాలో ముంచి తీసినట్టుంటాయి. ఎక్కడో దక్షిణ అమెరికాలో ఒక మూల అడవిలో తప్ప పుట్టవట, అక్కడ కూడా తగ్గిపోతున్నాయట. తిరిగొచ్చాక రెండేళ్లు వెతికి, బెంగళూరులో పెంచేవాళ్ల దగ్గర కాగితాలతో సహా నాలుగు తెచ్చుకున్నాడు. రెండు జంటలు.

మాది జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో ఊరు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు ఇల్లు కడతారు, ట్రాక్టర్ కొంటారు, పసుపు వేస్తారు. కప్పలు తెచ్చినవాడు ఈయనొక్కడే. మా అత్త సమ్మవ్వ వాకిట్లో బీడీలు చుడుతూ వచ్చిన ఆడవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

"వానకాలమైతె పొలంల కాలు పెట్ట సందు ఉండది, అన్ని కప్పలే. నా కొడుకు గవాటికి ఏసీ పెట్టిండు."

నవ్వేది కాని, రోజుకొకసారి కర్ర పట్టుకుని వచ్చి గాజు పెట్టె ముందు నిలబడేది.

"విషం కప్పలంట గదరా ఇవి?"

"అడవిల ఉన్నయాటికే అమ్మా విషం. ఆడ తినే చీమలకెల్లి ఒంట్లకు ఎక్కుతది. ఇవి గాజు పెట్టెల పుట్టినయ్, ఈగలు తిని పెరిగినయ్. వీటి కాడ ఏం లేదు. పసిపిల్లలసొంటియి."

పసిపిల్లలు అన్నాక ఆయన నా వైపు చూడలేదు. మా ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడు ఎవరూ ఎవరి వైపూ చూసేవాళ్లం కాదు.

ఆ ఆరు గుడ్లనూ ఆయన తీసి విడిగా పెట్టాడు. వారం తర్వాత రెండో జంట పెట్టిన గుడ్లను మాత్రం ముట్టుకోలేదు. "తండ్రి ఏం జేస్తదో నువ్వు సూడాలె," అన్నాడు. మగకప్ప గుడ్ల దగ్గరే ఉండేది. నీళ్లలో కూర్చుని ఒళ్లు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చునేది, అవి ఎండిపోకుండా. రెండు వారాలకు పైనే అలా చేసింది. ఒకరోజు పొద్దున చూస్తే దాని వీపు మీద ఒక తోకకప్ప అతుక్కుని ఉంది. ఇంత నలుసు. తండ్రి దాన్ని మోసుకుంటూ నాచు మీద నుంచి నీళ్ల గిన్నె వైపు ఆగి ఆగి నడిచింది. మేమిద్దరం నేల మీద భుజం భుజం ఆనించి కూర్చుని చూశాం. అట్లా కూర్చుని ఎన్నేళ్లయిందో నాకు గుర్తు రాలేదు.

మే నెల వచ్చేసరికి తొమ్మిది తోకకప్పలు. ఒకదాన్నొకటి తింటాయని తొమ్మిది ప్లాస్టిక్ గ్లాసుల్లో వేటికవి పెట్టాడు. ప్రతి గ్లాసులో ఒక బాదం ఆకు ముక్క, నీళ్లు చాయ రంగులో. అన్నిటికన్నా పెద్దదానికి వెనక కాళ్లు మొలిచాయి. ఆయన గడ్డం గీసుకోవడం మరిచిపోయేవాడు కాని ఆ గ్లాసులు చూడటం మరిచిపోయేవాడు కాదు. "ఇంక నెల. నెల దినాలల్ల నీలం రంగెక్కుతది," అనేవాడు.

మే రెండో వారంలో సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. మా ఆడబిడ్డ శ్రీవాణి ఏడుస్తోంది. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. వాళ్లాయన చెయ్యి సాంచాలో పడి నలిగింది. కరీంనగర్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోతున్నారు.

"అన్న రావాలె వదినా. నాకెవ్వలు లేరు."

ఆయన చొక్కా తొడుక్కుంటూనే నాకు అన్నీ అప్పజెప్పాడు. పొద్దున సాయంత్రం పిచికారి కొట్టాలి. డబ్బాల్లో అరటిపండు మీద పెంచిన ఎగరలేని ఈగలను పొద్దున వేయాలి. రెండు రోజులకొకసారి గ్లాసుల్లో సగం నీళ్లు తీసి ఫిల్టర్ నీళ్లు పోయాలి.

"గ్లౌజులు ఏస్కో. లేకుంటె సబ్బు పెట్టి కడుక్కో. ఏసీ మీద కన్నుంచు, గది ఇడిచిపెట్టి ఎటు పోకు. ఎండకు ఒక్క పూట ఆగినా ఉండయ్ అవి. పైలం."

"నేను జూస్కుంట. నువ్వు పో, ఆడ బావ సంగతి సూడు."

గేటు దాకా పోయి మళ్లీ వచ్చాడు. గ్లాసుల వైపు ఒకసారి చూసి పోయాడు.

ఆ ఎండ మామూలు ఎండ కాదు. పొద్దున తొమ్మిదికే వాకిట్లో నేల కాలేది. మామూలుగా ఇంటి ముందు రేకుల కింద ఆడవాళ్లం నలుగురం కూర్చుని బీడీలు చేసేవాళ్లం. ఎండకు ఎవరిళ్లల్లో వాళ్లు పడ్డారు. మా అత్తకు ఏసీ గాలి పడదు, మోకాళ్లు గుంజుతాయి. ఆమె వంటింటి గడప దగ్గర కూర్చునేది. నేను గది విడిచిపోవద్దన్నాడు కదా అని చాట తెచ్చుకుని కప్పల గదిలోనే కూర్చున్నాను. తడిపిన తునికాకును అచ్చు పెట్టి కత్తిరించడం, తంబాకు చిటికెడు పరిచి చుట్టడం, దారం కట్టడం. పదేళ్ల వయసు నుంచి చేసిన పని. చేతులు వాటంతటవే చేస్తుంటే నేను గాజు పెట్టెల వైపు చూస్తూ ఉండేదాన్ని. తలుపు మూసిన గది, చల్లటి గాలి, పక్కన నీలి కప్పలు. నిజం చెప్పాలంటే మొదటి మూడు రోజులు నాకు ఎంతో సుఖంగా ఉంది.

గ్లౌజులు రెండో రోజే చినిగాయి. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని నీళ్లు మార్చాను.

నాలుగో రోజు రెండు తోకకప్పలు వెల్లకిలా తేలాయి.

ఆ సాయంత్రం ఆయన వీడియో కాల్ చేశాడు. వెనక దవాఖాన వరండా, ఎవరో ఏడుస్తున్నారు. బావకు మూడు వేళ్లు తీసేశారట. "మనయి ఎట్లున్నయ్?" అన్నాడు. ఆ ముఖం చూసి నేను చెప్పలేకపోయాను. "మంచిగనే ఉన్నయ్," అన్నాను.

నీళ్లు పాడయ్యాయనుకున్నాను. రెండు రోజులకొకసారి మార్చమన్నది రోజూ మార్చాను, తర్వాత రోజుకు రెండుసార్లు. ఒక్కొక్క గ్లాసూ వేళ్లతో లోపలంతా రుద్ది కడిగాను. మందకొడిగా ఉన్న తోకకప్పను అరచేతిలోకి తీసుకుని కొత్త నీళ్లలో వదిలాను. ఎంత చేస్తే అంత పోయాయి. కాళ్లు మొలిచిన పెద్దది ఎనిమిదో రోజు పోయింది. తొమ్మిదో రోజు ఆడకప్ప ఒకటి కొబ్బరి చిప్ప ముందు వణుకుతూ కనిపించింది. వెనక కాళ్లు కర్రల్లా చాచుకుంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. చేతిలోకి తీసుకుని నీళ్లు చల్లాను. నా చేతిలోనే గట్టిపడిపోయింది. మర్నాడు మొదటి జంటలోని మగకప్ప కూడా అట్లాగే పోయింది.

అత్తమ్మ గడప దగ్గర నుంచి చూసి, "దిష్టి తాకింది బిడ్డా," అంది. మిరపకాయలు తెచ్చి గది చుట్టూ తిప్పింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆయన వచ్చాడు. గడపలోనే నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. గదిలోకి పోయి గ్లాసులు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. తోకకప్పలు తొమ్మిదిట్లో రెండే మిగిలాయి. పెద్ద కప్పలు నాలుగిట్లో రెండు.

"ఏసీ ఆగిందా?"

"ఆగలే."

"ఈగలు ఏసినవా?"

"ఏసిన. అన్ని నువ్వు చెప్పినట్టే చేసిన."

"మల్ల నాకు ఎందుకు జెప్పలే?"

ఆయన తల మీద చెయ్యి వేసుకున్నాడు. "బావను గట్ల సూసుకుంట ఉంటి, ఎట్ల జెప్తవ్ లే," అని తానే అన్నాడు. చచ్చిన కప్పలు రెండూ అప్పటికే ఫ్రిజ్‌లో పెట్టి ఉంచాను. వాటిని చూస్తానంటే డబ్బా తెచ్చిచ్చాను.

మర్నాడు ఆ డబ్బా తీసుకుని జగిత్యాల పోయాం. అక్కడ కాలేజీలో జువాలజీ చెప్పే శైలజ మేడం ఆయనకు తెలుసు. ఈగలు పెంచడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. కాలేజీకి సెలవులు, ఇంటికే రమ్మంది. తెల్లటి పళ్లెంలో కప్పను పెట్టి భూతద్దంతో చాలాసేపు చూసింది. వీపు, పొట్ట, వేళ్ల సందులు.

"తోలు శుభ్రంగ ఉంది. ఫంగస్ లేదు. వణికినయా? కాళ్లు చాపి బిగుసుకున్నయా?"

"ఔ మేడం," అన్నాను.

"ఇంట్ల పురుగుల మందు కొట్టిన్రా? పక్క పొలంల?"

"లేదు మేడం. యాసంగి కోతలు అయిపోయినయ్," అన్నాడాయన.

"నీళ్లు ఎవరు మార్చిన్రు?"

"నేనే మేడం. గ్లౌజులు చినిగినయ్. సబ్బు పెట్టి మంచిగ కడుక్కున్న."

ఆమె భూతద్దం పక్కన పెట్టి నా కుడిచేయి అందుకుంది. చూపుడువేలు, బొటనవేలు తిప్పి చూసింది. గోధుమరంగు పట్టిన తోలు. ఎన్నేళ్ల నుంచో ఆ రంగు నాకు నా చేతి రంగే.

"మీరు బీడీలు చేస్తరా?"

"చిన్నప్పటి నుంచి మేడం."

"ఎక్కడ కూర్చుని?"

"మునుపు వాకిట్ల. ఈ ఎండకు... గా గదిలనే."

ఫ్యాను తిరుగుతోంది. ఆమె నా చెయ్యి వదల్లేదు. మెల్లగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పింది.

"తంబాకుల నికోటిన్ ఉంటది. మునుపు దాంతోనే పురుగుల మందు చేసెటోళ్లు. సబ్బుతోని తొందరగ పోదు. తంబాకు దుమ్ము గాలిల గూడ ఉంటది. కప్ప తోలుతోనే నీళ్లు తాగుతది, సగం ఊపిరి గూడ తోలుతోనే. మన చేతికున్నదంత దాని ఒంట్లకు పోతది. మీకు తెల్వది గద, మీ తప్పేం లేదు."

నేను పళ్లెంలో ఉన్న కప్పను చూస్తూ ఉన్నాను. నీలం రంగు పోయి బూడిదరంగు వచ్చింది.

"మన తోలుకు గూడ ఎక్కుతదా మేడం?"

"కొంత ఎక్కుతది."

"కడుపుతోని ఉన్నప్పుడు?"

మేడం ఆయన వైపు చూసింది. ఆయన డబ్బా మూత పెడుతున్నాడు. మూత పడింది. పడిన మూతనే మళ్లీ మళ్లీ నొక్కుతున్నాడు.

"దానికి శాన కారణాలుంటయ్ సరితా. గిదే అని ఎవ్వలం చెప్పలేం," అంది మేడం. నా కళ్లలోకి చూడలేదు.

"బస్ టైమైతుంది," అని ఆయన లేచాడు.

కోరుట్ల బస్టాండులో బస్సు ఆగి, జనం దిగి ఎక్కి, మళ్లీ కదిలాక ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"ఖతార్ల గా గది తలుపు మీద రాసి ఉండె. సిగరెట్లు తాగెటోళ్లు చెయ్యి పెట్టద్దని. రోజు సదివేటోణ్ణి. మనింట్ల ఎవ్వలు తాగరు గద అనుకున్న."

నా చేతులు ఒడిలో ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొంగు కింద దాచుకున్నాను.

నాకు మూడు పోయాయి. మొదటిది ఐదో నెలలో. రెండోది మూడో నెలలోనే. మూడోది ఏడో నెల నిండాక. ఆడపిల్ల. దాని వేళ్లకు గోళ్లు కూడా వచ్చాయి. ఆ ఏడు నెలలూ నేను కడుపుకు చాట ఆనించుకునే బీడీలు చుట్టాను. బరువు పని చెయ్యొద్దని డాక్టరమ్మ అంటే, మా అత్త నన్ను పొలానికి పంపలేదు, నీళ్లు మోయనివ్వలేదు. "కూసుండి చేసే పనే గద, బీడీలు చెయ్యి బిడ్డా," అంది. నా మీద ప్రేమతోనే అంది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గడప దగ్గర చాట ముందు ఉంది. నా వంతు ఆకు కూడా తడిపి గుడ్డలో చుట్టి ఉంచింది.

"ఏమన్నది మేడం?"

"ఏదో రోగమంట," అన్నాడాయన. లోపలికి పోయాడు.

నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆకు ముట్టుకోలేదు.

"అత్తమ్మా, నీకెన్ని పోయినయ్?"

ఆమె తల ఎత్తి చూసింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పదమూడేళ్లలో నేను అడగని మాట.

"నలుగురు. ఒగడు పుట్టి ఏడ్చిండు గూడ. మాపటికి పోయిండు. వేణుగాడు ఐదోడు, వాని ఎనుక శ్రీవాణి."

"ఎందుకు పోయిన్రు?"

"ఎందుకంటె ఏం జెప్పాలె. రాత. నీకొక్కదానికే అనుకుంటున్నవా బిడ్డా? గీ వాడకట్టుల ఎవలకు పోలే? పక్కింటి రాజవ్వకు ముగ్గురు. సాయవ్వకు ఇద్దరు. మా అక్కకైతె నిలువనే లేదు..."

ఆమె ఒక్కో పేరూ చెబుతోంది. చెబుతూనే ఆకు తీసి, తంబాకు పెట్టి, చుట్టి, దారం కట్టి పక్కన వేస్తోంది. ఆ పేర్లన్నీ నేను ఎరిగినవాళ్లవే. ఒక్కొక్కరూ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తీరు కూడా నాకు తెలుసు. చెబుదామని నోరు తెరిచాను. డెబ్బై ఏళ్ల మనిషి. ఇప్పుడు ఆ మాట తీసుకుని ఆమె ఏం చేసుకుంటుంది? ఊరుకున్నాను.

మిగిలిన రెండు తోకకప్పలు ఆ వారంలోనే పోయాయి. ఆయన గాజు పెట్టెల్లో నాచు మార్చాడు, గది అంతా మూడుసార్లు కడిగాడు, తిండి మానేసి కూర్చున్నాడు. లాభం లేకపోయింది. మొదటి వాన పడ్డ రోజు మగకప్ప పోయింది. తోకకప్పను వీపున మోసింది అదే. ఆఖరి ఆడకప్ప ఇంకో నాలుగు రోజులుంది. బయట పొలాల్లో ఊరి కప్పలు ఒకటే అరుపు. ఆయన ఏసీ ఆపి కిటికీలు తీశాడు. గాజు పెట్టెలు బయట పెట్టి నీళ్లు పారబోశాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాకు చాయ పోసిచ్చేవాడు, పొలం పోయేటప్పుడు చెప్పి పోయేవాడు. ఆ గదిలో మళ్లీ మంచం వేశాం. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు అన్నం తింటూ, "మల్ల ఖతార్ పోదామనుకుంటున్న," అన్నాడు. నేను సరే అన్నాను. మా అత్త ముద్ద నోట్లో పెట్టుకోకుండా మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

బీడీలు మానేశాను. నడుం నొప్పి అని చెప్పాను.

రాజవ్వ కోడలు అలేఖ్యకు అప్పుడు ఐదో నెల. మొగుడు బహ్రెయిన్‌లో ఉన్నాడు. ఇరవై రెండేళ్ల పిల్ల. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ అవతల అరుగు మీద కూర్చుని కనిపించింది. కాళ్లు చాపుకుని, పొట్ట మీద చాట ఆనించుకుని చుడుతోంది. నేను బట్టలు అట్లాగే వదిలి వాళ్లింటికి పోయాను. ఆమె ఒళ్లోంచి చాట తీసి పక్కన పెట్టాను.

"ఏందక్కా?" అని నవ్వింది.

చెప్పాను. కప్పల సంగతి, మేడం చెప్పింది, నా మూడూ. తడబడుతూ, ముందుది వెనక, వెనకది ముందు. ఆమె నవ్వు ఆగిపోయింది. లోపలి నుంచి రాజవ్వ ఎప్పుడు వచ్చిందో చూడలేదు.

"నీ ఇంట్ల కప్పలు సచ్చినయని నా కోడలి కడుపు మీదికి అచ్చినవా? నీకు నిలువకపాయె. గీ పిల్లను సూసి ఓర్వలేకపోతున్నవా?"

"గట్ల కాదు పెద్దమ్మా..."

"నేను జేసిన, మీ అత్త జేసింది, ఊరంత జేసింది. మాకు పిల్లలు పుట్టలేదా? లే, లేచి పో."

అలేఖ్య తల వంచుకుంది. చాట తీసి మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం రాజవ్వ నిద్రపోయే వేళ, ఆ పిల్ల పెరటి గోడ దగ్గరికొచ్చి పిలిచింది.

"అక్కా, గిప్పుడు మానేస్తె సరిపోతదా? మొదట్నుంచి చేస్తనే ఉన్న గద."

ఏం చెప్పాలి? మేడం దగ్గరికి పోదామనాలి, ఇవాళే మానెయ్యి అనాలి. అన్నీ నోటి దాకా వచ్చాయి.

"మానెయ్యి," అన్నాను. "సరిపోతదో లేదో నాకు ఎర్క లేదు."

"మానేస్తె ఇంట్ల ఏమని చెప్పాలె? నీ లెక్క నడుం నొప్పంటె మా అత్త ఇంటదా?"

ఆమె నా ముఖం చూస్తూ నిలబడింది. అలవాటుగా అరచెయ్యి పొట్ట మీద వేసుకుంది. వేసుకుని, కిందికి చూసి, ఆ చెయ్యి తీసేసింది. చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"అలేఖ్యా! ఆకు ఆరిపోతున్నది," లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"అస్తున్న అత్తమ్మా."

పోయింది. నేను గోడ పట్టుకుని అక్కడే ఉన్నాను. కాసేపటికి అవతల కత్తెర చప్పుడు మొదలైంది.